ఒరవడి పట్టీ

పిల్లాడి ఏడుపు వీధి మలుపు దగ్గరే దమయంతి చెవిన పడింది. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపూ కాదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, ఇక ఎవరూ రారని తెలిసిపోయాక వచ్చే ఏడుపు. కాళ్లకున్న చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో చూసుకోకుండా పరుగెత్తింది.

వాకిట్లో పొయ్యి పక్కన, వంటచెరుకు కోసం పెట్టుకున్న జీడితొక్కల గంప బోర్లా పడి ఉంది. పదకొండు నెలల చిట్టిబాబు ఆ తొక్కల మధ్య కూర్చున్నాడు. మూతి చుట్టూ నల్లటి మరక, కింది పెదవి పొక్కి వాచిపోయింది. ఒక తొక్క ఇంకా పిడికిట్లోనే ఉంది. జీడితొక్కలోని నూనె ఎలాంటిదో, పద్నాలుగో ఏట నుంచీ జీడి బట్టీలో పిక్కలు కొడుతున్న దమయంతికి ఒకరు చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ల అరచేతుల్నే వలిచేసే నూనె అది.

మూడడుగుల దూరంలో గడప మీద యామిని కూర్చుని ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. తమ్ముడి వైపే చూస్తోంది.

"ఓలమ్మా! ఎంతసేపట్నించి ఏడుస్తన్నాడే ఈడు?"

యామిని ఉలిక్కిపడి లేచింది. "అప్పుడే వొచ్చీసినావేటమ్మా? ఇప్పుడే కదా ఎల్లినావు?"

"ఎనిమిదికి ఎల్లినాను. ఒంటిగంటయ్యింది!"

"లేదు... తమ్ముడు బంతితో ఆడుతన్నాడు. నువ్వొచ్చినావు." పిల్ల మొహంలో అబద్ధం లేదు. "మధ్యలో ఏటీ లేదమ్మా."

దమయంతి చెయ్యి లేచింది. పద్నాలుగేళ్ల కూతురి చెంప మీద ఎప్పుడూ పడని దెబ్బ ఆ రోజు పడింది.

ఎదురింటి పోలమ్మ కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ నూనె రాస్తూనే ఉన్నారు. గొంతులోకి దిగలేదు, అదృష్టవంతురాలివి అన్నాడు డాక్టరు. పది రోజులు చల్లటి గంజి తప్ప ఏదీ పెట్టొద్దన్నాడు. వరండాలో యామిని గోడకి ఆనుకుని వెక్కుతోంది.

"నేను కన్ను తిప్పలేదమ్మా, నీ మీదొట్టు. సూస్తూనే ఉన్నాను."

దమయంతికి అప్పుడు వేసింది అసలు భయం. నిజంగానే కన్ను తిప్పలేదు ఈ పిల్ల. కన్ను తిప్పకుండానే తమ్ముడి ఏడుపంతా పారేసింది.

మూడు నెలల కిందట లొద్దపేట హైస్కూల్లో కొత్త గది తెరిచారు. ఏసీ, పదహారు కంప్యూటర్లు, గోడ నిండా తెర. వీడియో ఎడిటింగ్, బొమ్మల సినిమాలు, సౌండ్ అన్నీ తొమ్మిదో తరగతి పిల్లలకి నేర్పుతామని నగరం నుంచి ఒక సంస్థ వచ్చింది. ఏళ్లు పట్టే విద్య పన్నెండు రోజుల్లో వచ్చేస్తుందన్నారు. తలకి కట్టుకునే వెడల్పాటి పట్టీ ఒకటి తెచ్చారు. పలక మీద పంతులు రాసిచ్చిన ఒరవడిని పిల్లలు దిద్దుకున్నట్టే, ఆరితేరిన పనివాడి బుద్ధిని పిల్లల బుద్ధి దిద్దుకుంటుందట. అందుకే దానికి ఒరవడి పట్టీ అని పేరు పెట్టారు. కంప్యూటర్ మాస్టారు కూర్మారావు ఇంటింటికీ తిరిగి మరీ చెప్పాడు.

పదమూడో రోజుకి మౌసు పట్టుకున్న యామిని వేళ్లు చూసి మాస్టారే నోరు తెరిచాడు. బట్టీ ఆడవాళ్ల మీద రెండు నిమిషాల సినిమా చేసింది. దాన్ని స్కూల్లో పెద్ద తెర మీద వేసిన రోజు లొద్దపేటలో కన్నీళ్లు పెట్టనివాళ్లు లేరు. తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాలు మూసేసిన దమయంతి, చివరి బెంచీలో చిట్టిబాబుని ఒళ్లో పెట్టుకుని, తన కూతురి పేరు తెర మీద పడగానే పక్కవాళ్లకి వినపడేలా చదివింది. విశాఖలో ఒక స్టూడియో వాళ్లు పదో తరగతి కాగానే పంపమన్నారు కూడా.

ఆ తర్వాతే ఒక్కొక్కటీ మొదలయ్యాయి. మాట్లాడుతుండగా పిల్ల లేచి వెళ్లిపోయేది. పొయ్యి మీద పప్పు మాడి బొగ్గయ్యేది. నిన్న ఏం చేశావే అంటే నాలుగు ముక్కలు చెప్పి ఊరుకునేది. పేరొచ్చింది కదా, తలకెక్కింది అనుకుంది దమయంతి. వయసు అనుకుంది. తిట్టింది. అంతేగాని ఆ పట్టీ మీదకి మనసు పోలేదు.

సోమవారం పొద్దున్నే చిట్టిబాబుని భుజాన వేసుకుని, యామిని చెయ్యి పట్టుకుని ఆ ఏసీ గదిలోకి వెళ్లింది. కూర్మారావు మాస్టారితో పాటు సంస్థ తరఫున వచ్చే నళిని మేడమ్ కూడా ఉంది. సన్నగా, చేతిలో ఎప్పుడూ ట్యాబుతో ఉండే మనిషి.

జరిగింది విని నళిని యామినిని తెర ముందు కూర్చోబెట్టి ఒక వీడియో పెట్టింది. ఖాళీ తరగతి గది. ఫ్యాను తిరుగుతోంది, అంతే. "అయిపోయాక చెప్పమ్మా" అంది.

చిట్టిబాబు లేచాడు. చల్లటి గంజి తాగాడు, పెదవి మంటకి ఏడ్చాడు, మళ్లీ పడుకున్నాడు. దమయంతి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారి మారి నిలబడింది. తెర మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎట్టకేలకు ఆగింది.

"ఎంతసేపుంది?" అని అడిగింది నళిని.

"అరనిమిషం ఉంటాదేమో మేడమ్."

"ఇరవై నిమిషాలు" అన్నాడు కూర్మారావు.

నళిని ఆశ్చర్యపోలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ ఆశ్చర్యపోకపోవడమే దమయంతి ఒంట్లో నిప్పు రాజేసింది. వంగి ఆ కాగితం చూసింది. ముప్పై రెండు పేర్లు, ప్రతి పేరుకీ ఎదురుగా ఒక అంకె. కూర్మారావు కూతురి పేరు, పోలమ్మ మనవడి పేరు. అరనిమిషం, ముప్పావు నిమిషం, ఇరవై సెకన్లు. తారీకు పోయిన నెలది. యామిని గడి ఒక్కటే ఇవాళ నిండింది.

"అంకెలు సదవడానికి తొమ్మిదో తరగతి సాలమ్మా" అంది దమయంతి. "నీకు నెల్లాళ్ల కిందటే తెలుసు."

"దాన్ని సర్దుబాటు దశ అంటాం అండీ. కొత్త విద్య మెదడులో కుదురుకునేటప్పుడు..."

"కుదురుకుంటే పోద్దా?"

నళిని ట్యాబు వైపు చూసింది. "చాలావరకు."

"సాలావరకు అంటే ఏటి? నా కొడుకు నోరు కాలిపోయింది. గొంతు కాలిపోయుంటే ఏ దశ అందువు?"

కూర్మారావు మధ్యలో కల్పించుకున్నాడు. "కోప్పడకు దమయంతీ. మేడమ్, మీరు సరిగ్గా చెప్పండి. నా కూతురు కూడా ఉంది ఆ కాగితంలో."

నళిని కుర్చీలో కూర్చుని చెప్పుకొచ్చింది. నలభై ఏళ్లు సినిమాలకి ఎడిటింగ్ చేసిన పెద్దాయన ఒకరున్నారు, పేరు అనంతశయనం. ఆరు నెలలపాటు ఆయన పట్టీ కట్టుకుని పని చేశారు. ఎక్కడ కోయాలి, ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అన్న ఆయన తీర్పునే ఒరవడిగా తీశాం. పిల్లలకి ఎక్కింది ఆ తీర్పే. కాకపోతే అది కంప్యూటర్ ముందు ఆగలేదు. బయట కూడా, ఏమీ జరగని సేపుని పారేస్తోంది. కథకి పనికిరాదనుకున్న ఏడుపుని కూడా.

"ఆ పెద్దాయన ఇంటికాడ కూడా ఇలగే ఉంటాడా?"

"లేదు. ఇంట్లో మామూలుగానే ఉంటారు. మనవలతో గంటలు గంటలు కూర్చుంటారు."

"మరి ఆయనికి పట్టీ ఎప్పుడు కట్టినారు?"

"పని చేసేటప్పుడు."

"పని ఒగ్గీసి ఇంటికెల్లేటప్పుడు ఇప్పీసినారు. అవునా?" దమయంతి గొంతు పెరిగింది. "కత్తెర పట్టడం నేర్పినారు. దాన్ని కింద ఎట్టడం ఆయనకి తెలుసు, అది మీరు తీసుకోనేదు. నలభై యేళ్లలో ఆయన నేర్చుకున్నది అదే కాదేటి?"

జవాబు లేనివాళ్లు ఎప్పుడూ తీసే కాగితమే నళిని కూడా తీసింది. "మీకు బాధగా ఉంటుంది, అర్థమవుతుంది. కానీ మీరంతా రెండేళ్లకి ఒప్పుకున్నారండీ. దుష్ఫలితాలుండొచ్చని రాసే ఉంది. ఇదిగో, మీ వేలిముద్ర."

"నా వేలిముద్రా?"

"మీదే."

దమయంతి నవ్వింది. ఆ నవ్వు విని యామిని ఒకడుగు వెనక్కి వేసింది. "ఏదీ, మళ్లీ తీసుకో మరి." బొటనవేలు ట్యాబు మీద పెట్టి అదిమింది. ఎర్ర దీపం. కొంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర దీపం. చూపుడువేలు, ఎడంచెయ్యి, ఒక్కొక్కటీ పెట్టింది. జీడినూనె తినేసిన వేళ్లు, గాజుముక్కల్లా నున్నగా. వాటి మీద గీతన్నది లేదు.

నళిని కూర్మారావు వైపు తిరిగింది.

మాస్టారు తల దించుకున్నాడు. "ఇక్కడ బట్టీ ఆడవాళ్ల వేళ్లు ఏ మిషనూ తీసుకోదు మేడమ్. రేషన్‌కాడా అంతే, బ్యాంకుకాడా అంతే. తల్లి పేరు మీద ఇంట్లో పిల్ల వేలు ఎక్కించేస్తారు. ఊళ్లో అది మామూలు. నేనూ అలాగే... బేగి అయిపోతాదని క్లాసులోనే పిల్లల చేత వేయించేశాను."

"ఎంతమంది?"

"ఇరవై ఏడు."

"అంటే తమ మీద ప్రయోగానికి పిల్లలే అనుమతి ఇచ్చుకున్నారా?" నళిని ట్యాబు బల్ల మీద పెట్టేసింది.

"నాకు సదివి వినిపించుంటే నా పిల్లని ఈ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు" అంది దమయంతి. "మాస్టారూ, మీరు సెడ్డోరు కాదు. అందుకే మీమీద ఇంకా కోపమొస్తంది. సదువుకున్నోరు కదా, మా పిల్లల వేళ్లు పట్టుకునే ముందు మా మొగం ఒకసారి సూడాలి కదా!"

కూర్మారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉండిపోయాడు.

నళిని తగ్గు గొంతుతో చెప్పింది. పట్టీని వెనక్కి నడిపితే ఒరవడి చెరిగిపోతుంది. దానితో పాటు వచ్చిన విద్య కూడా పోతుంది. మళ్లీ మొదటి అక్షరం. పోయిన గంటలు మాత్రం తిరిగి రావు. ఇంకో వారం దాటితే అది పాతుకుపోతుంది, తర్వాత తీయడం తనవల్ల కాదు.

"నేను తీయించుకోను" అంది యామిని.

అందరూ ఆమె వైపు చూశారు.

"తమ్ముడి దగ్గిర కూర్చోను. పొయ్యి దగ్గిరికి ఎల్లను. అంతే కదా? విశాఖ స్టూడియో వాళ్లు నా పని సూసే కదా పిలిచారు? అది తీసేస్తే నేనెవరమ్మా వాళ్లకి?" పిల్ల గొంతు కీచుమంది. "నువ్వు బట్టీలో ఉన్నావని నన్ను కూడా బట్టీకే పంపుతావేటి?"

నోరు ముయ్యవే అనబోయి దమయంతి ఆగిపోయింది. తనకీ పద్నాలుగేళ్లప్పుడు, గుమ్మంలో నిలబడి నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు. రేపట్నించి మానెయ్. ఎందుకో అడగనివ్వలేదు. నీకెలా ఉందని ఎవరూ అడగలేదు. ఆ మాటే ఇప్పుడు తన నోట్లో ఉంది, నాలిక చివర. దాన్ని మింగింది. జీడినూనె కన్నా ఎక్కువ మండింది.

"తీసీమని నాను అనను. ఉంచీమనీ అనను" అంది. "సినిమా కోసం నాడు బట్టీలో నన్ను పొద్దల్లా తీసినావు. అదంతా ఉన్నాదా?"

"ఉంది. ఆరుగంటలది."

"మజ్జానం, ఎవులూ లేనప్పుడు నాను నీతో ఒకటి సెప్పినాను. ఏటి సెప్పినానో సెప్పు. సెప్తే మరింక ఈ మాట ఎత్తను."

యామిని నుదురు ముడిపడింది. కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ పిల్ల వేళ్లకి ఆరుగంటల్లో ఆ చోటు వెతకడం ఒక లెక్కా? క్షణంలో తెర మీద దమయంతి ప్రత్యక్షమైంది. పిక్కల కుప్ప ముందు, తలకి తువ్వాలు, చేతులకి బూడిద.

తెర మీది దమయంతి అంది: "ఒక మాట సెప్తాను ఇను యామినీ. ఎవుల్తోనూ అన్నేదు. నన్ను బడి మానిపించిన రోజు నాకు తెలీదు అదే ఆఖరని. మజ్జానం సోషలు టీచరు పటం గీయించింది. నదులు గీసీసినాను. రంగులు రేపు ఎయ్యండి అన్నాది. మర్నాటికి నాకు రేపు నేదు. పెళ్లయ్యాక కూడా, వారానికోసారి ఆ పటం కలొస్తాది. రంగులు ఏసీ లోపు మెలకువ వొచ్చీస్తాది..." అలా చెబుతూనే ఉంది. పిక్క కొట్టే చప్పుడు, మాట, మళ్లీ చప్పుడు. పక్కింటి పిల్ల తెచ్చిచ్చిన పాఠాలు బట్టీ వెనకాల దొంగతనంగా చదవడం. యామిని పుట్టినప్పుడు చేతులకి నూనె ఉందని మూడు రోజులు బిడ్డని ముట్టుకోకపోవడం. చివరికి, "అదే. పద, నీల్లు తాగి వొద్దాం" అని లేచింది.

యామిని తిరిగి చూసింది. "ఒక మాట చెప్తానన్నావు. నీళ్లు తాగుదాం అన్నావు. చెప్పలేదు కదమ్మా?"

కూర్మారావు గోడ గడియారం వైపు వేలు చూపించాడు. యామిని చూసింది. ఇరవై రెండు నిమిషాలు.

మళ్లీ పెట్టింది. మళ్లీ గడియారం చూసింది. మూడోసారి మొదలు వదిలేసి నేరుగా మధ్యలోకి వెళ్లింది. "బిడ్డని" అన్న ఒక్క ముక్క వినిపించింది. అంతే, తెర మీద అమ్మ నీళ్లకి లేస్తోంది. వెనక్కి తిప్పింది. "రంగులు." నీళ్లు. వెనక్కి. నీళ్లు. వెనక్కి. మీటల మీద గుద్దింది. రెండు చేతులతో గుద్దింది.

"ఇది నేను తీసింది! నా చేత్తో తీసింది! నాకెందుకు వినపడదు?"

దమయంతి దగ్గరికి వెళ్లబోతే తోసేసింది. "చెప్పు, ఇప్పుడు చెప్పు, ఏటి చెప్పినావు?"

"ఇప్పుడు సెప్పినా నీకు అందదే తల్లీ."

యామిని మెల్లగా నళిని వైపు తిరిగింది. పద్నాలుగేళ్ల మొహంలో అంత కసి దమయంతి ఎప్పుడూ చూడలేదు. "అది పారెయ్యమని నేను చెప్పలేదు మేడమ్. మీరు చెప్పారు నాకు, నా లోపలికొచ్చి. తీసెయ్యండి. ఇవాళే తీసెయ్యండి."

రోజుకి ఒక పూట చొప్పున నాలుగు పూటలు పట్టింది. ఆ నాలుగు రోజులూ దమయంతి బట్టీకి వెళ్లలేదు. కానీ బట్టీయే స్కూలుకి వచ్చింది. ఆడవాళ్లందరూ వరండాలో కూర్చుంటే దమయంతి నళిని చేత ప్రతి కాగితమూ బిగ్గరగా చదివించింది. అర్థం కాని చోటల్లా ఆపించింది. "నీ పై అధికారుల్ని రమ్మను, ఇరవై ఏడు వేళ్లు సూపిస్తాను" అంది. ఎవరి పిల్లకి తీయాలో తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చెప్పాలంది. ఆ పెద్దాయనే స్వయంగా వచ్చి, పట్టీ లేకుండా, పలక మీద నేర్పినట్టు నేర్పాలంది. అందుకు ఒప్పుకోకుండా సంస్థకి వేరే దారి లేకపోయింది.

అందరూ తీయించుకోలేదు. ఏడుగురు ఉంచేసుకున్నారు. వాళ్లలో పోలమ్మ మనవడూ ఉన్నాడు. "ఆడికి మతిమరుపైతే ఏటి, ఉజ్జోగం వొస్తాది" అంది పోలమ్మ. "నీ గుంటకి రాసున్న బంగారాన్ని నీ సేతుల్తో కడిగీసినావు. రేపు నిన్నే తిడతాది సూడు."

ఆ మాట నిజమవుతుందని దమయంతికీ భయమే.

అనంతశయనం వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మొదటి రోజే కంప్యూటర్లు ఆపించేసి, "ఇవాళ ఏదీ కోయొద్దు, చూడండి చాలు" అన్నాడట. రెండు వారాలయ్యేసరికి యామిని మూడు ముక్కలు అతకడానికి పూటంతా తీసుకుంటోంది. అతికినవి ఊడిపోతున్నాయి. విశాఖ స్టూడియో వాళ్లు కొత్తగా చేసింది పంపమన్నారు, చూశారు, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు.

అది తెలిసిన మర్నాడు పొద్దున్నే తిట్లు మొదలుపెట్టింది యామిని. పళ్లు తోముకుంటూ మొదలుపెట్టింది. "నీవల్లే. నువ్వు ఆ వీడియో పెట్టమనకపోతే నేను తీయమనేదాన్నా? కావాలని సేసినావు. భయపెట్టి నా చేత అనిపించినావు."

"అవును, కావాలనే సేసినాను. నీకు తెలియకుండా ఉంచుతారేటి మరి?"

"ఇప్పుడు నాకేటీ రాదు! నిన్న పొద్దున్న పది నిమిషాలు ఒక కట్ దగ్గిరే కూర్చున్నాను. కరెంటు పోయింది. వొచ్చింది. మళ్లీ పోయింది. పక్కన లోకేషుగాడు నవ్వాడు, ఆడి పళ్లు ఊడిపోను. అనంతశయనం సారు ఏమో ఒక్క మాట అనడు, కిటికీలోంచి మేకల్ని సూస్తాడు. మూడు మేకలు, ఒకటి కుంటిది..."

"పాలు తాగి తిట్టవే."

"తాగను. నిన్న నీ పప్పులో ఉప్పు లేదు. మొన్నా లేదు. తమ్ముడు రాత్రి నాలుగుసార్లు లేచాడు, రెండోసారి నేనే ఎత్తుకున్నాను, నువ్వు గురకెడతన్నావు. ఆడి చీమిడి నా జాకెట్టుకి రాసేడు. దానికి కూడా నువ్వే కారణం."

"గురక నాదేటి? నీ అయ్యది నీకొచ్చింది."

సంచి భుజాన వేసుకుని బయలుదేరింది యామిని. చిట్టిబాబుని చంకనెత్తుకుని వెనకే దమయంతి. వీధి మలుపు దాటారు, పంచాయితీ కుళాయి దాటారు. తిట్లు ఆగలేదు. కుళాయి దగ్గర ఎవరి బిందె ఎవరిది తన్నిందో, మాస్టారు ఎన్నిసార్లు దగ్గాడో, వాన పడ్డ రోజు గొడుగు ఎవరు మర్చిపోయారో, ఒక్కటీ విడిచిపెట్టకుండా, ఒక్కటీ కుదించకుండా వరసపెట్టి తిడుతోంది. మాటకి మాట అంటూనే ఉంది దమయంతి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. ఎదురొచ్చిన వాళ్లు పక్కకి తప్పుకున్నారు.

స్కూలు గేటు దాకా ఎక్కడా తెగలేదు ఆ తగువు.